అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్ నల్ల తెరతో ఆగిపోయింది, సీజను లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి

మిర్చి_గుమస్తా | గుంటూరు | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు, తప్పులుంటే సర్దుకోండి.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. ల్యాప్‌టాప్ ఎనిమిదేళ్ళ నాటిది. విండోస్ మోయలేక మూలుగుతుంటే రెండేళ్ళ కిందట మా మేనల్లుడు లినక్స్ వేసి ఇచ్చాడు. తర్వాత వాడు అమెరికా వెళ్ళిపోయాడు. నేను ఫోను చేసే వేళకి వాడు నిద్రలో ఉంటాడు, వాడు చేసే వేళకి నేను కాటా దగ్గర ఉంటాను.

నిన్న సాయంత్రం కొట్టు కట్టేసే ముందు అప్‌డేట్లు వచ్చాయని చూపిస్తే సరేనని నొక్కాను. నాలుగొందల చిల్లర ప్యాకేజీలు. సగం అయ్యాక ఒకచోట కదలకుండా చాలాసేపు నిలబడిపోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు మీదే నడుపుతాను. అదే టైముకి కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకునే లోపు ల్యాప్‌టాప్ ఆరిపోయింది.

మళ్ళీ ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వస్తోంది, ఆ తర్వాత నల్ల తెర మీద తెల్లక్షరాలు బారులు తీరుతున్నాయి. చివర 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అని వచ్చి కర్సరు మిణుకుమిణుకుమంటోంది. దాని పైన 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ, రన్ ఎఫ్ఎస్‌సీకే మాన్యువల్లీ' అని ఉంది.

జనవరి నుంచి ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, ఏ రేటుకి పోయాయి, హమాలీ ఎంత, అడ్వాన్సు ఎంత, అన్నీ అందులోనే. శని, ఆదివారాలు యార్డుకి సెలవు. సోమవారం పొద్దున్నే జనం వచ్చి నిలబడతారు. బ్యాకప్ ఉందా అని అడగకండి, సిగ్గుగా ఉంది. ఫిబ్రవరి మొదటి వారంలో ఒకసారి పెన్‌డ్రైవ్‌లో వేశాను, అంతే.

నాలుగోలైను | బ్రాడీపేట, గుంటూరు | 9:52

టెన్షన్ పడకండి అండీ, ఇది రోజూ చూసేదే. ఆ కర్సరు దగ్గరే ఎఫ్ఎస్‌సీకే (డిస్కులో ఫైళ్ళ అమరిక సరిచూసి దిద్దే కమాండు) కొట్టి, మైనస్ వై పెట్టి, మీ పార్టిషన్ పేరు ఇచ్చి ఎంటర్ నొక్కండి. ఎన్ని ప్రశ్నలడిగినా అన్నిటికీ అవునని అదే చెప్పేసుకుంటుంది. ఐదు నిమిషాలు. తర్వాత రీబూట్. నాకు పదిసార్లు పనిచేసింది.

కెర్నల్_బాబాయ్ | విజయవాడ | 10:05

ఆగండాగండి. గుమస్తా గారూ, ముందు కీబోర్డు మీద నుంచి చెయ్యి తీయండి.

నాలుగోలైను తమ్ముడు చెప్పింది డిస్కు గట్టిగా ఉన్నప్పుడు సరిపోతుంది. డిస్కే పోతూ ఉంటే ఆ మైనస్ వై అనేది ఖాళీ కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టడం లాంటిది. చదవలేని చోటు తగిలినప్పుడు అది 'ఫోర్స్ రీరైట్' అని కూడా అడుగుతుంది. దానికీ అవునంటే, చదవలేకపోయిన చోట ఏముందో తెలియకుండానే దాని మీద కొత్తగా రాసేస్తుంది. రెండోసారి ప్రయత్నిస్తే వచ్చేదేమో, ఆ ఆశ కూడా పోతుంది.

ఇంకో సంగతి. కరెంటు పోయినంత మాత్రాన ఈఎక్స్‌టీ4, అంటే మీ లినక్స్ డిస్కులో ఫైళ్ళని సర్దిపెట్టే ఫైల్ సిస్టమ్, ఇంతగా చెడిపోదు. అందులో జర్నల్ అని ఒకటుంటుంది. మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, అది చిట్టా. ఆవర్జాకి, అంటే అసలు ఖాతా పుస్తకానికి, ఎక్కించే ముందు చిట్టాలో రాసుకుంటారు కదా, అదే పద్ధతి. మామూలుగా ఐదు సెకన్లకోసారి చిట్టా డిస్కు మీదికి చేరుతుంది. మధ్యలో దీపం ఆరిపోయినా, లేచాక చిట్టా చూసుకుని ఆవర్జా సరిచేసుకుంటుంది. ఆఖరి నిమిషంలో రాస్తున్న ఫైలు ఒకటో రెండో పోవచ్చు. కట్టడం మొత్తం కూలదు. కూలిందంటే కారణం వేరే ఉండాలి.

మూడు చెప్పండి. హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా? కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, దాని నంబరు ఎంత? పైన కనిపించే తెల్లక్షరాల్లో 'ఐ/ఓ ఎర్రర్' అని ఎక్కడైనా ఉందా?

మిర్చి_గుమస్తా | 10:31

తిరిగే డిస్కే, 500 జీబీ. కెర్నల్ 6.8 అని మొదట్లో కనిపిస్తోంది. ఐ/ఓ ఎర్రర్ ఒకటి కాదండీ, తెర నిండా ఉన్నాయి. 'ఐ/ఓ ఎర్రర్, డెవ్ ఎస్‌డీఏ, సెక్టార్' అని పక్కన పెద్ద పెద్ద నంబర్లు. ఫోనుతో ఫొటో తీసి ఒక్కొక్కటీ చూశాను. నంబర్లు ఒకదానికొకటి దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

ఏలూరు_రోడ్డు | విజయవాడ | 10:38

ఇంకేముంది, అప్‌డేటే కొంప ముంచింది. నేను నాలుగేళ్ళుగా ఏ అప్‌డేటూ చేయలేదు, హాయిగా ఉన్నా.

కెర్నల్_బాబాయ్ | 11:02

నాలుగేళ్ళుగా తలుపుకి గడియ పెట్టకుండా నిద్రపోతున్నాడట, హాయిగా ఉందట. సరే, అది వేరే గొడవ.

అప్‌డేట్ మీద అనుమానం రావడం తప్పు కాదు. నిజంగానే అలా జరిగిన సందర్భాలున్నాయి. 2018 చివర్లో 4.19 కెర్నల్ వేసుకున్న కొందరికి ఈఎక్స్‌టీ4 డిస్కులు చెడిపోయాయి. అందరూ ఈఎక్స్‌టీ4నే తిట్టారు. వారాల తరబడి వెతికితే తప్పు అక్కడ లేదు, దాని కింద డిస్కుకి పనులు అందించే బ్లాక్ పొరలో ఉంది. డిసెంబరులో 4.19.8తో సరిచేశారు. 2023 డిసెంబరులో మళ్ళీ ఇంకొకటి. 6.1.64 కెర్నల్‌లో ఈఎక్స్‌టీ4 డేటా పాడయ్యే లోపం బయటపడి, డెబియన్ అనే లినక్స్ తయారుచేసే వాళ్ళు 12.3 విడుదలని ఆపేసి నేరుగా 12.4 ఇచ్చారు. ఆ వారం నేను అప్‌డేట్ బటన్ వైపు చూస్తే ఒట్టు.

కాబట్టి కెర్నల్ నంబరు అడిగాను. మీది ఆ రెండూ కాదు. పైగా ఆ లోపాలతో ఫైల్ సిస్టమ్ చెడుతుంది గానీ, డిస్కు 'నేను చదవలేను' అని మొత్తుకోదు. ఐ/ఓ ఎర్రర్ అంటే అదే. లెక్క తప్పు పడటం వేరు, పుస్తకంలో పేజీయే చిరిగిపోవడం వేరు. మీకు పేజీలు చిరిగాయి.

ఇక డిస్కుకి కరెంటు ఇవ్వకండి. ఊరికే ఆన్ చేసి చూడటం కూడా వద్దు.

డీటీపీ_అక్క | సత్యనారాయణపురం, విజయవాడ | 11:20

బాబాయ్ మాట వినండి అన్నయ్యా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా తమ్ముడి కొట్లో నడుము లోతు నీళ్ళు. నా పాత పెళ్ళికార్డుల డిజైన్లన్నీ అక్కడి సిస్టమ్‌లో ఉన్నాయి. నీళ్ళు తీశాక వాడు డిస్కుని ఎండలో పెట్టి, ఆరిందనుకుని ఆన్ చేశాడు. ఒక్కసారి గరగరమంది, అంతే. ఆన్ చేయకుండా తెచ్చి ఉంటే ఏమైనా వచ్చేదేమోనని డేటా రికవరీ కుర్రాడు అన్నాడు. పదకొండేళ్ళ పేజ్‌మేకర్ ఫైళ్ళు. ఇప్పటికీ ఎవరైనా పాత కార్డు పట్టుకొచ్చి 'ఇదే డిజైన్ కావాలి' అంటే మళ్ళీ మొదటి నుంచి అను ఫాంట్లతో కూర్చుంటాను.

మీకు తేమ లేదు కాబట్టి నాకంటే నయం. ముట్టుకోకండి అంతే.

ఏలూరు_రోడ్డు | 11:26

డిస్కుని కవర్లో చుట్టి రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకి చదువుతుందని విన్నాను.

కెర్నల్_బాబాయ్ | 11:29

వద్దు. మన ఊళ్ళ ఉక్కకి ఫ్రిజ్ లోంచి తీసిన మరుక్షణం గ్లాసుకి పట్టినట్టు డిస్కుకి చెమట పడుతుంది. అక్క కథ ఇప్పుడే చదివావు కదా.

మిర్చి_గుమస్తా | 11:48

ఒక నిజం దాచాను. క్షమించండి. ఇక్కడ పోస్టు పెట్టకముందే, మధ్యాహ్నం ఒక వీడియో చూసి ఆ ఎఫ్ఎస్‌సీకే మైనస్ వై నేనే కొట్టేశాను. నలభై నిమిషాలు ఏదో అడుగుతూ అవును అవును అనుకుంటూ నడిచింది. 'పాస్ 1' అన్న మాట దాటలేదు. తర్వాత కదలకపోతే బటన్ నొక్కిపట్టి ఆపేశాను.

కెర్నల్_బాబాయ్ | 11:55

హమ్మయ్య, కనీసం ఇప్పుడైనా చెప్పారు. డాక్టరు దగ్గర, ఇక్కడ మాత్రం దాచకూడదు గుమస్తా గారూ.

అది ఐదు అంచెల్లో పనిచేస్తుంది. మొదటి అంచెలో ఫైళ్ళ ఐనోడ్లు, అంటే ఏ ఫైలు డిస్కులో ఏయే చోట్ల ఉందో చెప్పే చీటీలు చూస్తుంది. రెండో అంచెలో ఫోల్డర్లు. పాస్ 1 లోనే ఆగిపోవడం మీ అదృష్టం. నష్టం జరగలేదనను, తక్కువ జరిగి ఉంటుంది.

రేపు చేయాల్సింది చెబుతాను. ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ లైవ్ (మీ డిస్కు అక్కర్లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) పెట్టి దాంతో బూట్ చేయాలి. మీ డిస్కుని మౌంట్ చేయకూడదు, అంటే అందులోని ఫైళ్ళు వాడకానికి తెరవకూడదు. బయట ఒక పెద్ద డిస్కు తగిలించి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మీ డిస్కు మొత్తాన్నీ ఒక్క ఫైలుగా దాంట్లోకి దించాలి. తర్వాత చేసే వైద్యం ఏదైనా ఆ కాపీ మీదే.

మామూలుగా కాపీ చేస్తే చెడ్డచోటు తగలగానే అక్కడే తల బాదుకుంటూ కూర్చుంటుంది, ఆలోపు డిస్కు చచ్చిపోతుంది. డీడీరెస్క్యూ అలా చేయదు. సులువుగా వచ్చేదంతా ముందు ఊడ్చుకొచ్చి, కష్టమైన చోట్లకి చివర్లో వెళుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఆ మ్యాప్ ఫైల్ బయటి డిస్కులో పెట్టండి, పెన్‌డ్రైవ్ లైవ్‌లో పెడితే కరెంటు పోగానే అదీ పోతుంది.

కమాండులో మూలం ముందు, గమ్యం తర్వాత. తిరగేసి కొడితే ఖాళీ డిస్కుని తెచ్చి మీ సీజను మీద పోసినట్టే. కొట్టేముందు ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టి ఏది ఎంత సైజో రెండుసార్లు చూసుకోండి.

నాలుగోలైను | శనివారం ఉదయం 7:15

బాబాయ్, నాకు పదిసార్లు పనిచేసిందంటే పదిసార్లూ డిస్కు బాగుంది కాబట్టే అని రాత్రి అర్థమైంది. గుమస్తా గారూ, నా దగ్గర 1 టీబీ డిస్కు, లైవ్ పెన్‌డ్రైవ్ ఉన్నాయి. నేను ఊళ్ళోనే ఉంటా. మీకు అభ్యంతరం లేకపోతే కొట్టు ఎక్కడో విడిగా మెసేజ్ పెట్టండి, వస్తాను.

నాలుగోలైను | శనివారం మధ్యాహ్నం 12:50

కొట్టు నుంచే రాస్తున్నా.

ముందు ల్యాప్‌టాప్ ఫ్యాన్ పిండిమర అరిచినట్టు అరుస్తుంటే వెనక మూత తీశా. అదే పొరపాటు. ఎనిమిదేళ్ళ మిర్చి దుమ్ము ఫ్యాన్ రెక్కల మధ్య ఎర్రగా పేరుకుని ఉంది. నేను తొమ్మిది తుమ్ములు తుమ్మాను, గుమస్తా గారు లెక్క రాశారు. ఆయనకి మాత్రం ఒక్క తుమ్ము రాలేదు. టేబుల్ ఫ్యాన్ పెట్టి మూత తీసే ఉంచాం.

స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూశాం. పైన 'పాస్డ్' అని వచ్చింది! కిందికి దిగితే అసలు సంగతి. 5వ వరస, రీఅలొకేటెడ్ సెక్టార్లు 312. 197, పెండింగ్ సెక్టార్లు 88. 199, కేబుల్ తాలూకు సీఆర్‌సీ ఎర్రర్లు సున్నా. 191 అని ఒకటుంది, జీ-సెన్స్, అది 27. అదేంటి బాబాయ్?

ఇంకో తప్పు నాది. డీడీరెస్క్యూ మొదలుపెట్టిన కాసేపటికే 4 జీబీ దగ్గర ఆగిపోయింది. నా డిస్కు టీవీలో సినిమాల కోసం ఎఫ్ఏటీ32లో పెట్టుకున్నది. అందులో ఒక్క ఫైలు 4 జీబీ మించకూడదన్న సంగతే మర్చిపోయా. సినిమాలన్నీ తుడిచేసి ఈఎక్స్‌టీ4గా మార్చి మళ్ళీ మొదలెట్టా. గుమస్తా గారు నాకు పెసరట్టు బాకీ.

కెర్నల్_బాబాయ్ | 1:10

శభాష్. పైన 'పాస్డ్' అన్నది నమ్మొద్దు, డిస్కు పూర్తిగా పడకేసేదాకా అది అలాగే అంటుంది. 199 సున్నా కాబట్టి కేబుల్‌ది తప్పు కాదు. పెండింగ్ అంటే చదవబోతే రాని చోట్లు. మళ్ళీ అక్కడ రాసినప్పుడు గానీ అవి బాగున్నాయో, మార్చి వేరే చోటు ఇవ్వాలో డిస్కు తేల్చుకోదు. రీఅలొకేటెడ్ అంటే అలా ఇప్పటికే మార్చేసినవి.

191 అంటే కుదుపులు. డిస్కు తిరుగుతుండగా ఎన్నిసార్లు గట్టిగా అదిరిందో అది లెక్క రాసుకుంటుంది. గుమస్తా గారూ, ల్యాప్‌టాప్ ఎప్పుడైనా కిందపడిందా?

మిర్చి_గుమస్తా | 1:24

డిస్కు కూడా గుమస్తా పనే చేస్తుందని తెలియదు.

పడిందండీ. ఫిబ్రవరి చివర్లో శంకర్‌విలాస్ సెంటర్లో స్కూటరు ముందు కాళ్ళ దగ్గర సంచీలో పెట్టుకుని వెళుతుంటే, అడ్డంగా ఆటో వచ్చి బ్రేకు వేశాను. సంచీ రోడ్డు మీద పడింది. ఆరోజు తొందరలో షట్‌డౌన్ చేయకుండా మూత మాత్రం మూశాను, లోపల తిరుగుతూనే ఉందేమో. ఇంటికెళ్ళి చూస్తే మామూలుగానే పనిచేసింది. ఇంట్లో కూడా చెప్పలేదు.

కెర్నల్_బాబాయ్ | 1:40

దొరికింది. ఫిబ్రవరిలోనే దెబ్బ తగిలింది. ఎవరూ వెళ్ళని మూల తగిలితే ఎవరికీ తెలియదు. మీరు రోజూ తెరిచేవి పది ఫైళ్ళు, అవి ఉన్న చోటు బాగుంది. నాలుగొందల ప్యాకేజీల అప్‌డేట్ వచ్చి డిస్కు నలుమూలలా తిరిగింది. ఏళ్ళుగా తెరవని పాత ఫైళ్ళు చదివింది, ఖాళీ చోట్లలో రాసింది. ఆ మూలకి వెళ్ళి తగులుకుంది. మీరన్న 'సగంలో నిలబడిపోయింది' అదే, కరెంటు పోకముందే. కరెంటు పోకపోయినా ఇదే జరిగేది.

ఏలూరు_రోడ్డు తమ్ముడూ, చదువుతున్నావా?

ఏలూరు_రోడ్డు | 1:43

చదువుతున్నా. అయినా అప్‌డేట్ చేయకపోతే సోమవారం గడిచేది కదా.

కెర్నల్_బాబాయ్ | 1:45

సోమవారం గడిచేది. మే నెల గడిచేది కాదు.

నాలుగోలైను | శనివారం సాయంత్రం 6:30

మంచి స్పీడుతో మొదలై 61 శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. గుమస్తా గారి ముఖం చూడలేకపోయా. కరెంటు వచ్చాక అదే కమాండు మళ్ళీ కొడితే, మ్యాప్ ఫైల్ చదువుకుని 61 దగ్గర నుంచే అందుకుంది. ఇప్పుడు 97 దాటింది, కానీ నత్త నడక. రాత్రంతా వదిలేస్తాం. ఇన్వర్టరుకి ఫ్యాను, లైట్లు తీసేసి ఇదొక్కటే తగిలించాం. ఆయన కొట్లోనే పడుకుంటానంటున్నారు.

డీటీపీ_అక్క | 6:41

దోమల చుట్ట వెలిగించుకోమనండి.

నాలుగోలైను | ఆదివారం ఉదయం 9:05

అయింది! 500 జీబీలో చదవలేకపోయింది మూడున్నర ఎంబీ. మూడుసార్లు మళ్ళీ ప్రయత్నించమని చెప్పినా అంతకు మించి రాలేదు. పాత డిస్కు తీసి అలమరలో పెట్టేశాం.

కాపీని ముందు ఎలా తెరవాలి బాబాయ్?

కెర్నల్_బాబాయ్ | 9:20

చదవడానికి మాత్రమే. అయితే 'ఆర్ఓ' అంటే చాలదు. ఆర్ఓ అన్నా సరే, మౌంట్ చేసేటప్పుడు చిట్టా చూసి ఆవర్జా దిద్దబోతుంది. పక్కన 'నోలోడ్' కూడా పెట్టండి, అప్పుడు చిట్టా జోలికి పోదు. దొరికినవన్నీ వేరే చోటికి తీసుకున్నాకే కాపీ మీద ఎఫ్ఎస్‌సీకే.

ఏలూరు_రోడ్డు | 9:24

తెరుచుకోకపోతే బ్యాకప్ సూపర్‌బ్లాక్, అంటే ఫైల్ సిస్టమ్ మొదటి పేజీకి నకలు, ఉంటుంది, 32768 ఇచ్చి చూడండి. ఎంకేఈ2ఎఫ్ఎస్ మైనస్ ఎన్ కొడితే మిగతావి ఎక్కడున్నాయో చెబుతుంది. ఈసారి నిజంగా తెలిసే చెబుతున్నా.

కెర్నల్_బాబాయ్ | 9:27

కరెక్టే. కానీ ఆ మైనస్ ఎన్ మర్చిపోతే అది చెప్పదు, ఫార్మాట్ చేసేస్తుంది. వేలు వణికే వాళ్ళు ఆ దారికి పోకండి.

మిర్చి_గుమస్తా | ఆదివారం మధ్యాహ్నం 12:15

సూపర్‌బ్లాక్ దాకా పోనక్కర్లేకుండానే తెరుచుకుంది. జనవరి వచ్చింది. ఫిబ్రవరి వచ్చింది. ఏప్రిల్ ఇప్పటిదాకా ఉన్నది వచ్చింది. మార్చి ఫోల్డరు మీద నొక్కితే 'స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్' అంటోంది. శుభ్రం చేయాలట. మార్చి అంటే మాకు యార్డులో కాలు పెట్టడానికి చోటుండదు, అన్ని నెలల్లోకీ అదే పెద్దది. పోయి పోయి అదే పోయింది.

కెర్నల్_బాబాయ్ | 12:22

కంగారు పడకండి. గోడౌన్లో టిక్కీలున్నాయి, వాటి మీద ఏ రైతువో చెప్పే చీటీలు ఊడిపోయాయి అనుకోండి. సరుకు ఎక్కడికీ పోలేదు, ఎవరిదో తెలియట్లేదు అంతే. మార్చి ఫోల్డరు అనేది పేర్ల జాబితా. ఆ జాబితా ఉన్న ముక్క చెడ్డచోట పడింది. ఫైళ్ళు వేరే చోట ఉంటాయి.

ఇప్పుడు కాపీ మీద ఎఫ్ఎస్‌సీకే నడపండి. ఇప్పుడు మైనస్ వై పెట్టుకోండి, తమ్ముడి ముచ్చట తీరుతుంది. అయ్యాక 'లాస్ట్ ప్లస్ ఫౌండ్' అన్న ఫోల్డరు చూడండి. పేరు ఊడిన ఫైళ్ళన్నీ నంబర్లు తగిలించుకుని అక్కడ కూర్చుంటాయి.

నాలుగోలైను | 1:30

71 ఫైళ్ళు. అన్నిటికీ ముందు చదరపు గీతల గుర్తు, పక్కన ఏడంకెల నంబరు. ఏది ఏమిటో తెలియదు, ఎక్స్‌టెన్షన్లు లేవు.

కెర్నల్_బాబాయ్ | 1:34

'ఫైల్' అనే కమాండు ఉంది. పేరు చూడదు, లోపలి మొదటి అక్షరాలు చూసి రకం చెబుతుంది. లిబ్రెఆఫీస్ లెక్కల పట్టికలు నిజానికి జిప్ మూటలే, ఇట్టే పట్టేస్తుంది. 'ఓపెన్‌డాక్యుమెంట్ స్ప్రెడ్‌షీట్' అని చెప్పిన వాటికి చివర ఓడీఎస్ అని తగిలించి తెరవండి.

మిర్చి_గుమస్తా | ఆదివారం సాయంత్రం 5:50

నిదానంగా రాస్తాను, ఇంకా నమ్మకం కుదరలేదు.

71లో లెక్కల పట్టికలు 21. మిగతావి ఫొటోలు, మేనల్లుడి పాటలు, ఏవో చిన్న చిన్న ఫైళ్ళు. మార్చిలో మేం కొట్టు తీసిన రోజులు కూడా సరిగ్గా 21. ఆ అంకె చూడగానే నాలుగోలైను అబ్బాయి నా వైపు చూశాడు, నేను అబ్బాయి వైపు చూశాను.

మొదటిది తెరిచాను. తేదీ 12. తేజ 46 టిక్కీలు, 334 రకం 31, తాలు 9. కింద ఒక గడికి పసుపు రంగు. నరసరావుపేట వైపు రైతు ఒకాయన రెండు టిక్కీల తూకం తేడా ఉందని గొడవపడితే, మర్నాడు చూద్దామని నేనే వేసుకున్న రంగు అది. ఆ రంగు కనిపించాక గానీ ఇది నా ఫైలే అనిపించలేదు.

18 నేరుగా తెరుచుకున్నాయి. రెండు తెరవబోతే పాడైంది, బాగుచేయమంటావా అని అడిగింది. అబ్బాయి వాటి కాపీలు తీసిపెట్టి సరేనన్నాడు. ఒకదాంట్లో రంగులు, గీతలు పోయాయి, అంకెలున్నాయి. అవి చాలు. ఒక్కటి మాత్రం ఎంత చేసినా తెరుచుకోలేదు. లోపల సున్నాలే ఉన్నాయట. వరసగా పెట్టి చూస్తే 26వ తేదీ లేదు.

కెర్నల్_బాబాయ్ | 6:02

మూడున్నర ఎంబీ పోయిందన్నాడు కదా, అందులో అదొకటి. లేదా శుక్రవారం మధ్యాహ్నం మీ వీడియో మహిమ. ఏదో చెప్పలేం. 21కి 20 అంటే నేను ఇంత ఊహించలేదు, ఒట్టు.

డీటీపీ_అక్క | 6:10

నాకు పదకొండేళ్ళకి సున్నా వచ్చింది. దిష్టి తీయించుకోండి, మీ యార్డులో ఎండుమిరపకాయలకి కొదవా.

మిర్చి_గుమస్తా | సోమవారం రాత్రి 8:45

ఇవాళ గడిచింది. నాలుగోలైను అబ్బాయి వాళ్ళింట్లో వాడకుండా ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చాడు, దాని మీదే నడిపాను. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఒక్క ఓనరు గారికి తప్ప.

26వ తేదీ సంగతి ఆయనతో చెప్పక తప్పలేదు. ఆయన మాట్లాడకుండా లోపలికెళ్ళి ఎర్రట్ట పుస్తకం తెచ్చారు. నేను కంప్యూటర్లో రాయడం మొదలుపెట్టాక కూడా ఆయన రోజూ సాయంత్రం మొత్తాలు మాత్రం అందులో రాసుకుంటున్నారట. నాకు ఇన్నాళ్ళూ తెలియదు. 26న తేజ 58, బ్యాడిగి 12. రైతులవారీగా లేవు గానీ, హమాలీ మేస్త్రీ దగ్గర చీటీలు దొరికాయి, వాటితో కూడికలు సరిపోయాయి. మూడు టిక్కీల తేడా వస్తోంది, రేపు తేలుస్తాను.

'పుస్తకం మానేయమని నేనెప్పుడైనా అన్నానా' అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

కొత్త ఎస్ఎస్‌డీ 256 జీబీది చాలన్నాడు అబ్బాయి. పాత ల్యాప్‌టాప్‌లోనే వేసి, బ్యాటరీ కూడా మార్పిస్తున్నాను. బ్యాకప్ ఎలా పెట్టుకోవాలి బాబాయ్? రోజూ చేసేంత ఓపిక నాకుండదు, నిజం చెబుతున్నాను.

కెర్నల్_బాబాయ్ | 9:10

ఓపిక లేదని ఒప్పుకున్నవాళ్ళకే బ్యాకప్ కుదురుతుంది. రెండు పెన్‌డ్రైవ్‌లు కొనండి. ఒకటి కొట్లో, ఒకటి ఇంట్లో. సోమవారం ఒకటి, గురువారం ఒకటి, కొట్టు కట్టేసే ముందు లెక్కల ఫోల్డరు ఒక్కటే లాగి పడేయండి. మీ ఏడాది లెక్కలన్నీ కలిపినా వంద ఎంబీ ఉండవు, నిమిషం పని. తెరుచుకుంటున్నాయో లేదో నెలకోసారి ఒక ఫైలు తెరిచి చూడండి. ఓనరు గారి పుస్తకం మాత్రం ఆయన్ని రాసుకోనివ్వండి.

స్కూటరు మీద వెళ్ళేటప్పుడు షట్‌డౌన్ చేయండి. ఎస్ఎస్‌డీకి కుదుపుతో పెద్ద బాధ లేదు, అయినా తెర పగులుతుంది.

నాలుగోలైను | 9:22

పెసరట్టు అందింది, ఉప్మాతో. సినిమాల సంగతి ఎవరూ ఎత్తట్లేదు.

కొత్త_సభ్యుడు_77 | తెనాలి | 11:40

అన్నలూ, మా దానిలో విండోస్. అప్‌డేట్ తర్వాత సీ డ్రైవ్‌లో ఫౌండ్.000 అని ఒక ఫోల్డరు వచ్చింది, లోపల సీహెచ్‌కే అని ఫైళ్ళు. డిలీట్ చేసేయొచ్చా?

కెర్నల్_బాబాయ్ | 11:44

చేయకు! అది విండోస్ వాళ్ళ లాస్ట్ ప్లస్ ఫౌండ్. విడిగా ఒక థ్రెడ్ తెరిచి, డిస్కు ఎప్పుడైనా కిందపడిందో లేదో మొదటి లైనులోనే రాయి.